విజయవాడ నుంచి బోటు మీద వారాంతం: కుటుంబంతో వెళ్లేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

బెజవాడ వాళ్లకు కృష్ణ రోజూ కనిపించేదే. ప్రకాశం బ్యారేజీ మీద బండి నడుపుతూ ఒక చూపు చూస్తాం, పుష్కరాలకు మునుగుతాం, దసరాకు దుర్గా ఘాట్ దగ్గర తెప్పోత్సవం చూడటానికి తోసుకుంటాం. నీళ్ల మీదే ఒక పగలూ రాత్రీ ఉండి, అక్కడ వండిందే తిని, అక్కడే పడుకుని లేచిన కుటుంబాలు మాత్రం మనలో తక్కువే.

"ఈ శని, ఆదివారాలు బోటులో ఉండొద్దాం" అని ఇంట్లో ఎవరో అనగానే ప్రశ్నలు మొదలవుతాయి. ఎక్కడ ఎక్కాలి? అమ్మమ్మ ఎక్కగలదా? బాత్రూమ్ ఎలా ఉంటుంది? పిల్లాడు రెయిలింగ్ ఎక్కితే? వీటన్నిటికీ వరసగా జవాబులు చెప్పుకుంటూ పోదాం. దానికి ముందు ఒక్క మాట. బోటులో రెండు రోజులు హాయిగా గడవాలంటే ప్రోగ్రామ్ తగ్గించుకోవాలి, జాగ్రత్త పెంచుకోవాలి. మనవాళ్లు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తారు. ఒకే రోజులో నాలుగు గుళ్లు, రెండు బీచ్‌లు ఇరికించి, లైఫ్ జాకెట్ మాత్రం "ఉక్కపోస్తోంది" అని పక్కన పడేస్తారు.

మొదటి అడుగు: ముందు ఒక పగలు కృష్ణలో గడపండి

రాత్రి బస ఉన్న బోటును నేరుగా బుక్ చేయకండి. ముందు ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ పున్నమి ఘాట్‌కు వెళ్లి, భవానీ ద్వీపానికి బోటెక్కండి. కృష్ణ మధ్యలో 130 ఎకరాలకు పైగా ఉన్న లంక అది. చెట్లు, నీడ, పిల్లలు పరుగెత్తడానికి కావలసినంత చోటు ఉన్నాయి. అక్కడ నీళ్లు నిండుగా, నెమ్మదిగా కనిపించడానికి కారణం కింద ఉన్న ప్రకాశం బ్యారేజీ. 1957లో అందుబాటులోకి వచ్చిన ఈ బ్యారేజీ వెనుక దాదాపు 3 టీఎంసీల నీళ్లు నిలుస్తాయి. అందుకే మామూలు రోజుల్లో అక్కడ బోటు పెద్దగా ఊగదు. కొత్తవాళ్లకు భయం పోవడానికి ఇంతకంటే మంచి చోటు దగ్గర్లో లేదు.

ఈ రోజంతా మీరు చేయాల్సిన పని ఇంట్లోవాళ్లను గమనించడం. ఒడ్డుకీ బోటుకీ మధ్య వేసిన చెక్క మీద పెద్దవాళ్లు ఎలా నడుస్తున్నారు? డీజిల్ వాసనకు ఎవరికి కడుపులో తిప్పుతోంది? నదిలో కుదుపు తక్కువ కాబట్టి చాలామందికి వికారం వచ్చేది ఆ వాసనకే. ఇంజను దగ్గర నుంచి లేపి ముందువైపు, గాలి తగిలే చోట కూర్చోబెడితే సగం తగ్గుతుంది. పిల్లల్లో ఎవరు చెప్పిన చోట కూర్చుంటారు, ఎవరు కూర్చోరు అన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది. కృష్ణలో పైసలు వేయడం మనకు అలవాటు. రైలు కిటికీలోంచి అయితే సరే, బోటు రెయిలింగ్ మీదకు వంగి మాత్రం వేయనివ్వకండి. దండం పెట్టుకుంటే చాలు, అమ్మవారు ఏమీ అనుకోదు.

కార్తీకమాసం ఆదివారాల్లో వనభోజనాల జనంతో ద్వీపం కిక్కిరిసిపోతుంది. ప్రశాంతత కావాలంటే ఆ నెల వదిలేయండి. వదలలేకపోతే పొద్దున్నే మొదటి బోటులో వెళ్లి మధ్యాహ్నానికల్లా వచ్చేయండి. దిగగానే తిరుగు బోటు ఆఖరి టైమ్ ఎంతో అడిగి తెలుసుకోండి. ద్వీపం అంచున పిల్లల్ని నీళ్లలో దింపొద్దు. కృష్ణలో ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువులోతు రావచ్చు.

టికెట్ కౌంటర్‌లోనే తీసుకోండి. ఘాట్ దగ్గర ఎవరో వచ్చి "క్యూ ఎందుకండీ, తక్కువకే తీసుకెళ్తాను" అంటే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకోండి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం సమీపంలో బోల్తా పడింది అలాంటి అనుమతి లేని ప్రైవేటు బోటే. అదీ కార్తీక ఆదివారమే. పరిమితికి మించి ఎక్కించారు, లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు. 20 మందికి పైగా పోయారు. ఆ రోజు వరద లేదు, తుఫాను లేదు.

రెండో అడుగు: కాలం చూసుకోండి

సెలవులు ఎప్పుడొస్తాయో చూసుకుని బోటు బుక్ చేయడం మన పద్ధతి. నది లెక్క వేరు. కృష్ణలో సాధారణంగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పైనుంచి నీళ్లు వస్తుంటాయి. శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల నిండి గేట్లు ఎత్తితే ఆ నీళ్లన్నీ చివరికి బ్యారేజీకే చేరతాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఇస్తారు. విహారానికి హెచ్చరిక దాకా ఆగక్కర్లేదు. "గేట్లు ఎత్తారు, నీళ్లు వదులుతున్నారు" అని వార్త రాగానే మీ ప్లాన్ వాయిదా వేసుకోండి.

2024 సెప్టెంబరు మొదట్లో ఏం జరిగిందో ఊళ్లో అందరికీ గుర్తే. బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. కట్లు తెంచుకున్న పెద్ద పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర ఢీకొంటే గేట్లు ఎత్తడానికి తూకంగా ఉండే కాంక్రీటు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) విరిగిపోయాయి. మనుషులు లేని ఖాళీ పడవలే అంత పని చేశాయంటే ప్రవాహం బలం ఎంతో అర్థం చేసుకోవచ్చు.

గోదావరిలో వరద ఇంకా ముందే, జులై నుంచే మొదలవుతుంది. కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగింది 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీద ఉన్నప్పుడే. పులస దొరికేది కూడా ఆ వరద రోజుల్లోనే కాబట్టి "పులస తిందాం, పనిలో పనిగా బోటెక్కుదాం" అని ఏటా ఎవరో ఒకరు ప్రతిపాదిస్తారు. పులస ఒడ్డు మీద తినండి.

మంచి కాలం నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే మాత్రం అది వెళ్లేదాకా ఆగండి. డిసెంబరు, జనవరిలో కోనసీమలో తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది. బోటు నడిపే సరంగు "మంచు విడిచాక కదులుదాం" అంటే అతణ్ణి తొందర పెట్టకండి. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల జనంతో భీమవరం నుంచి రాజోలు దాకా గదులు దొరకవు, దొరికినా రేటు చెప్పలేం. మార్చిలో పొద్దుటి పూట పరవాలేదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం బోటు రేకు కింద కూర్చోవడం మన ఎండలకు శిక్షే.

మూడో అడుగు: రాత్రి ఎక్కడ ఉండాలో తేల్చుకోండి

బెజవాడ, గుంటూరు వాళ్లకు నిజంగా వారాంతంలో సరిపోయేది దిండి. కోనసీమలో వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉంది. గుడివాడ, భీమవరం, పాలకొల్లు మీదుగా వెళ్లి చించినాడ వంతెన దాటితే వచ్చేస్తుంది. కారులో మూడున్నర, నాలుగు గంటలు. రైలైతే పాలకొల్లు లేదా నరసాపురంలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. గదులు, వంట, డెక్ అన్నీ ఉన్న హౌస్‌బోట్లు ఆంధ్రాలో పేరుపడింది ఇక్కడే. సముద్రం దగ్గర కాబట్టి ఇక్కడి గోదావరికి పోటూ పాటూ ఉంటాయి. పొద్దున చూసిన ఒడ్డు సాయంత్రానికి కొంచెం వేరుగా కనిపిస్తుంది. పిల్లలకు అది చూపించండి, పుస్తకంలో చదివిన దానికంటే బాగా గుర్తుంటుంది. మరమ్మతులనో, నీటి మట్టమనో బోట్లు ఆగే రోజులు ఉంటాయి. కాబట్టి బయలుదేరే ముందు రోజు ఇంకోసారి ఫోన్ చేయండి. ఆన్‌లైన్‌లో రూమ్ బుక్ అయినంత మాత్రాన బోటు నడుస్తున్నట్టు కాదు.

కేరళలోని అలెప్పీ, అంటే ఆలప్పుళ, పేరు అందరికీ తెలిసిందే. వేంబనాడ్ సరస్సు, కుట్టనాడ్ కాలువలు, నీటి మట్టం కంటే కింద ఉండే వరి చేలు. అందానికి వంక పెట్టలేం. కానీ అది రెండు రోజుల పని కాదు. ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్ మన విజయవాడ మీదుగానే వెళ్తుంది, ప్రయాణానికే దాదాపు ఒక రోజంతా పడుతుంది. వారానికి అటూ ఇటూ సెలవులు కలిసొచ్చి నాలుగైదు రోజులు దొరికితేనే పెట్టుకోండి. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక వర్షాకాలం, అక్టోబరు, నవంబరులో రెండోది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి బాగుంటుంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మాత్రం కాలువల్లో బోట్లకు బోట్లు ఆనుకుని ట్రాఫిక్ జామ్. బెంజ్ సర్కిల్ చూసిన కళ్లకు అది కొత్త కాదు, దానికోసం అంత దూరం పోనక్కర్లేదు.

గుంటూరు వైపు వాళ్లకు మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్లి నాగార్జునకొండకు లాంచీ ఎక్కే వీలుంది. అది పగటి ప్రయాణమే. కొండ మీద మ్యూజియానికి శుక్రవారం సెలవు. పాపికొండల లాంచీ కూడా పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేదే ఎక్కువ. రెండూ చూసి తీరాల్సినవే కానీ బోటులో "ఉండటం" కిందకు రావు.

నా సలహా అయితే, మొదటి రాత్రి దిండిలో. అది నచ్చితే మరుసటి ఏడాది అలెప్పీ.

నాలుగో అడుగు: డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

ఫోటో చూసి బుక్ చేసుకునేవాళ్లే ఎక్కువ. ఫోటోలో ఉన్న బోటు, మీరు ఎక్కే బోటు ఒకటే కానవసరం లేదు. "ఈ నెల తీసిన వీడియో పంపండి, అందులో బోటు నంబరు కనపడాలి" అని అడగండి. సరైన నిర్వాహకుడు అయితే అయిదు నిమిషాల్లో పంపుతాడు. నసిగితే ఇంకొకరిని చూసుకోండి.

తర్వాత కాగితాలు. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇలాంటి బోటుకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా ఉండాలి. ఎంతమందిని ఎక్కించవచ్చో కూడా ముందే నిర్ణయించి ఉంటుంది. ఆ అంకె అడగండి. పిల్లల్ని లెక్కలోకి తీసుకోకుండా "చిన్నపిల్లలే కదండీ, పరవాలేదు" అంటే అక్కడే ఆగిపోండి. 2023 మే 7న కేరళలోని తానూర్‌లో చీకటి పడ్డాక, పరిమితికి మించిన జనంతో తిరిగిన విహార బోటు మునిగి 22 మంది చనిపోయారు. వాళ్లలో పిల్లలు చాలామంది.

పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయో విడిగా అడగండి. "జాకెట్లు ఉన్నాయండీ" అన్న జవాబు చాలదు. పెద్దల జాకెట్ నాలుగేళ్ల పిల్లకు తొడిగితే అది జాకెట్ కాదు, సంచీ.

బోటు ఎంతసేపు కదులుతుంది అన్నది గొడవలకు అసలు మూలం. అలెప్పీలో మామూలుగా మధ్యాహ్నం 12కి ఎక్కించుకుని మర్నాడు పొద్దున 9కి దింపుతారు. సాయంత్రం 5:30 అయ్యేసరికి ఒడ్డుకు కట్టేస్తారు. రాత్రంతా జాలర్లు వలలు వేసుకునే వేళ కాబట్టి అది అక్కడి నిబంధన. ఇది తెలియక "డబ్బు కట్టింది నిలబడ్డానికా" అని మనవాళ్లు సరంగు మీద ఎగురుతుంటారు. కాబట్టి ఎంత దూరం తిప్పుతారు అని కాకుండా, రాత్రి ఎక్కడ కడతారు అని అడగండి. పది బోట్లు వరసగా, జనరేటర్ల మోతలో కట్టే రేవు ఒకటి ఉంటుంది. పొలం గట్టున, కొబ్బరిచెట్ల మధ్య ఒంటరిగా కట్టే చోటు ఇంకొకటి ఉంటుంది. కొంచెం ఎక్కువ పెట్టినా రెండోది తీసుకోండి. మీరు డబ్బు పెట్టేది ఆ రాత్రికే.

ఏసీ ఎప్పుడు వేస్తారో కూడా అడగండి. చాలా బోట్లలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకానే. ఇరవై నాలుగు గంటలూ కావాలంటే రేటు వేరు. గదుల్లో జనరేటర్‌కు దూరంగా, ముందువైపు ఉన్నది పెద్దవాళ్లకు ఇవ్వమని ముందే చెప్పండి. మోతా, పొగా రెండూ తక్కువ. బాత్రూమ్ వెస్టర్నా కాదా, పట్టుకోవడానికి కమ్మీ ఉందా అన్నది మోకాళ్ల నొప్పులున్నవాళ్ల ఇంట్లో తప్పనిసరి ప్రశ్న. అయిదారేళ్ల లోపు పిల్లలుంటే పై డెక్ ఉన్న బోటు వద్దు. మెట్ల దగ్గర కాపలా కాయడంతోనే మీ వారాంతం అయిపోతుంది.

ఐదో అడుగు: ఎవరెవరు వెళ్లాలి

రెండు కుటుంబాలు కలిస్తే ఖర్చు తగ్గుతుంది, కబుర్లు పెరుగుతాయి. మూడు కుటుంబాలైతే అది పెళ్లివారి బస్సు. బోటు చిన్నది, తలుపు వేసుకుని అలిగి కూర్చోవడానికి రెండో ఇల్లు ఉండదు. కాబట్టి మాటామాటా పెరిగే బావమరుదుల్ని ఒకే బోటులో పెట్టకండి.

ఒక పిల్లకు ఒక పెద్ద. ఈ లెక్క కాగితం మీద రాసుకున్నా తప్పులేదు. "అందరం చూస్తున్నాం కదా" అంటే ఎవరూ చూడటం లేదని అర్థం. ఇద్దరు పిల్లల్ని ఒక్కరే చూసుకోవాల్సి వస్తే ఇంకో పిన్నినో మేనత్తనో పిలుచుకోండి. ఏడాది లోపు పసిబిడ్డ ఉంటే ఈ ఏడు మానేయమనే నేను చెబుతాను. అంత చిన్న ఒంటికి సరిపోయే జాకెట్ మన బోట్లలో దొరకడం కష్టం.

ఆరో అడుగు: సామాను, తిండి

చక్రాల సూట్‌కేసు ఇంట్లో పెట్టి చేతిసంచులు తీసుకెళ్లండి. రేవు నుంచి బోటుకు చెక్క మీద నడవాలి, బోటు గదిలో మంచం పక్కన మిగిలేది మూరెడు జాగా. ఇద్దరికి ఒక సంచి చాలు. జారని అడుగున్న చెప్పులు, టోపీ, ఒక దుప్పటి, టార్చ్, చార్జ్ చేసిన పవర్ బ్యాంక్, ఫోన్లకు ప్లాస్టిక్ కవర్లు, దోమలకు ఒంటికి రాసుకునే క్రీము. దోమల చక్రాలు మాత్రం వద్దు. హౌస్‌బోటు పైకప్పు వెదురు, తాటాకు, చాపలతో అల్లింది. ఒక్క నిప్పురవ్వ చాలు. 2020 జనవరిలో వేంబనాడ్‌లో పాతిరామణల్ దగ్గర ఒక హౌస్‌బోటు మంటల్లో కాలిపోయింది, అందులోవాళ్లు అదృష్టం కొద్దీ బయటపడ్డారు. కార్తీకంలో వెళ్తే దీపాలు అరటిదొప్పలో పెట్టి వదలాలని ఇంట్లో పెద్దవాళ్లకు ఉంటుంది. ఒడ్డుకు కట్టాక, కిందకు దిగి, రేవు మెట్ల మీద వెలిగించి వదలండి. బోటు మీద అగ్గిపుల్ల గీయడమే వద్దు.

మందులు ఒక డబ్బాలో, ఆ డబ్బా మీ దగ్గరే. బీపీ, షుగర్ బిళ్లలు రెండు రోజులు ఎక్కువే పెట్టుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లుంటే బోటులో ఫ్రిజ్ రాత్రంతా నడుస్తుందో లేదో అడిగి, లేదంటే చల్లగా ఉంచే పౌచ్ తీసుకెళ్లండి. వికారానికి బిళ్ల వేసుకునే అలవాటుంటే డాక్టర్‌ని అడిగి తీసుకోండి. నిమ్మకాయ, శొంఠి ఎలాగూ ఉంటాయి.

ఇక తిండి. ఈ విషయంలో మన ఇళ్లలో ఎవరూ రాజీపడరు. దిండిలో ఇబ్బంది లేదు, వంటవాడు మనవాడే. రొయ్యల వేపుడు, చేపల పులుసు ముందు రోజే చెబితే ఉదయం రేవులో కొన్నది వండిపెడతాడు. కారం ఎంతో చెప్పండి. అలెప్పీలో అన్నం లావుపాటి మట్ట బియ్యంతో వండుతారు, కూరలకు కొబ్బరినూనె. మొదటి పూట అందరూ సరదాగా తింటారు, రెండో పూటకు ముఖాలు మారతాయి. బుక్ చేసేటప్పుడే "సన్నబియ్యం, సన్‌ఫ్లవర్ నూనె, రాత్రికి గడ్డ పెరుగు" అని చెప్పి పెట్టండి. కరిమీన్ వేపుడు మాత్రం వాళ్ల పద్ధతిలోనే తినండి, అరటాకులో చుట్టి కాల్చేది ఆ చేపే. ఇంటి నుంచి గోంగూర పచ్చడి, కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి ఉంటే పెద్దవాళ్లకు ఏ పూటా వెలితి ఉండదు. పిల్లలకు జంతికలు, చేగోడీలు. పులిహోర ఎక్కే రోజు మధ్యాహ్నానికే, మర్నాటికి దాచొద్దు. మంచినీళ్ల పెద్ద క్యాన్ ఒకటి బోటులో వేయించుకుంటే చిన్న సీసాల చెత్త తగ్గుతుంది.

ఏడో అడుగు: ఎక్కేటప్పుడు

రేవులో అందరూ ఒకేసారి బోటు మీద పడకండి. ముందు ఒక బలమైన మనిషి ఎక్కి చెయ్యి అందించాలి, తర్వాత పెద్దవాళ్లు, పిల్లలు, చివర సామాను. పెద్దవాళ్లు అడుగు వేసేది బోటు అంచు మీద కాదు, లోపలి పలక మీద. అంచు మీద కాలు పడగానే బోటు ఒరుగుతుంది, భయం అక్కడే పట్టుకుంటుంది.

లైఫ్ జాకెట్ ఒడ్డు మీదే తొడగండి. పిల్లలకు తొడిగాక పరీక్ష ఒకటుంది. జాకెట్ భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పైకి లాగండి. అది గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే వదులు. నీళ్లలో పడితే పిల్ల కిందకు జారిపోతుంది, జాకెట్ మాత్రం పైన తేలుతుంది. పక్క పట్టీలు బిగించి మళ్లీ లాగి చూడండి. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే తప్పకుండా పెట్టండి. పిల్లలు ఎక్కువ విప్పేది దాన్నే. క్లిప్పులు ఒక్కొక్కటీ "టిక్" మని వినపడేదాకా నొక్కాలి. విరిగిన క్లిప్పును తాడుతో ముడివేసి ఇస్తే తిరిగిచ్చి వేరేది అడగండి.

చీర కట్టుకున్నవాళ్లు పమిటను నడుముకు చుట్టి దోపుకుని, దాని మీద జాకెట్ వేసుకోవాలి. పమిట జాకెట్ పైన వేసుకుంటే ఫోటోకు బాగుంటుంది, ఆపద వేళ పట్టీలకు చుట్టుకుంటుంది. చున్నీలకూ ఇదే వర్తిస్తుంది. బోటు కదులుతున్నంతసేపూ పిల్లల ఒంటి మీద జాకెట్ ఉండాలి. ఈ విషయంలో తాతయ్య సిఫార్సులు చెల్లవు.

ఎక్కగానే సరంగును రెండు మాటలు అడగండి. మిగతా జాకెట్లు ఎక్కడున్నాయి, మంటలార్పే సిలిండర్ ఎక్కడుంది. ఫోన్‌లో 112 ఎలాగూ గుర్తే కాబట్టి, దానికి తోడు ఒడ్డు మీద ఉండే నిర్వాహకుడి నంబరు ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి.

ఎనిమిదో అడుగు: బోటులో ఉండటం

మొదటి గంట అందరూ లేచి తిరుగుతూ సెల్ఫీలు దిగుతారు. దిగనివ్వండి, కానీ అందరూ ఒకే పక్కకు చేరకుండా చూడండి. "అదిగో కొంగలు" అని ఎవరో అరిస్తే మొత్తం జనం అటు పరుగెత్తడం బోటుకు మంచిది కాదు. కూర్చున్న చోటి నుంచే చూడొచ్చు, కొంగలకు మనతో పనేం లేదు.

భోజనం అయ్యాక ఏ ప్రోగ్రామూ పెట్టకండి. నీళ్ల మీద మధ్యాహ్నం నిద్ర వేరే రకం. మేలుకున్నవాళ్లు డెక్ మీద కూర్చుంటే చూడటానికి చాలానే ఉంటుంది. గుర్రపుడెక్క పచ్చటి దీవుల్లా కదిలిపోతుంటుంది. లంకల్లో గేదెలు మెడలోతు నీళ్లలో నిలబడి ఉంటాయి. నాటుపడవలో వల విసిరే మనిషి మన బోటు రాగానే కాస్త తప్పుకుని, అల తగ్గాక మళ్లీ మొదలుపెడతాడు. అతనికి చెయ్యి ఊపండి, వీడియో తీసేముందు అడగండి. అతను పనిలో ఉన్నాడు.

ఫోన్ల విషయం ముందే మాట్లాడుకోండి. ఆఫీసు ఫోన్ ఎత్తేవాళ్లకు రోజుకు ఒక అరగంట, అదీ అందరూ నిద్రపోయే వేళ. పిల్లలకు అష్టాచెమ్మా, వైకుంఠపాళి, పేకముక్కలు. బామ్మ గెలిచే ఆట ఏదైనా పరవాలేదు.

సాయంత్రం బోటు కట్టేటప్పుడు పిల్లల్ని పిలిచి చూపించండి. ఒకతను గడతో ఒడ్డును తోసి ఆపుతాడు, ఇంకొకతను తాడు పట్టుకుని దూకి కొబ్బరిచెట్టుకు రెండు చుట్లు వేస్తాడు, సరంగు ఇంజను ఆపకుండా కొద్దికొద్దిగా దగ్గరకు తెస్తాడు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. అలెప్పీ హౌస్‌బోట్లు ఒకప్పుడు వడ్లు, బియ్యం మోసిన కెట్టువళ్లాలు. వాటి పలకల్ని మేకులు కొట్టకుండా కొబ్బరితాడుతోనే కుట్టేవారు. లోపలి వైపు ఆ కుట్లు కనపడతాయేమో పిల్లల్ని వెతకమనండి, ఓ అరగంట నిశ్శబ్దం దొరుకుతుంది.

చీకటి పడ్డాక రెయిలింగ్ దగ్గరకు పిల్లలు వెళ్లకూడదు, అంతే. బోటు కట్టే ఉంది కదా అనుకుంటాం, కానీ పక్కనే నీళ్లు లోతు. మగవాళ్లకు ఒక మాట: డెక్ మీద మందు పార్టీ పెట్టుకోవాలనే ఆలోచన ఉంటే అది వేరే వారాంతానికి, ఒడ్డు మీదకు మార్చుకోండి. చూసుకోవాల్సిన మనిషే తూలుతుంటే మిగతా జాగ్రత్తలన్నీ దండగ.

రాత్రి మధ్యలో అడుగున చిన్న మోటారు మోగి ఆగుతుంది. అడుగుకు చేరిన నీళ్లు తోడే పంపు అది, టెన్షన్ పడక్కర్లేదు. నీళ్ల ట్యాంకు చిన్నది కాబట్టి స్నానాలు బకెట్టు లెక్కన. అందరూ పొద్దున ఒకేసారి షవర్ తిప్పితే ఆఖరివాళ్లకు సబ్బు నురగతో నిలబడాల్సిన గతి పడుతుంది. గది తలుపుకు లోపలి గడియ పైన పెట్టండి, నిద్రలో నడిచే పిల్లలున్న ఇంట్లో మరీను.

అయిదున్నరకు లేవండి. బోటులో అన్నిటికంటే మంచి గంట అదే, దాన్ని నిద్రపోయి పోగొట్టుకోకండి. కాఫీ ఎన్ని గంటలకు కావాలో ముందు రాత్రే వంటవాడికి చెప్పి ఉంచండి.

తొమ్మిదో అడుగు: దిగేటప్పుడు

టిఫిన్‌కు ముందే సంచులు సర్దేయండి. మంచాల కింద, చార్జింగ్ బోర్డుల దగ్గర, బాత్రూమ్ మేకుకు ఒకసారి చూడండి. అక్కడే కళ్లజోళ్లు, చార్జర్లు, బామ్మల జపమాలలు మిగిలిపోతాయి. చెత్త మొత్తం ఒక సంచిలో కట్టి మీరే ఒడ్డుకు తెచ్చి వేయండి, బోటులో వదిలితే అది ఎక్కడికి పోతుందో చెప్పలేం. బోటు మనుషులకు ఇచ్చే బహుమానం మేనేజరు చేతికి కాకుండా సరంగు, వంటవాడు, తాడు కట్టే కుర్రాడు ముగ్గురికీ విడివిడిగా ఇవ్వండి.

దిండి నుంచి తిరిగొచ్చేవాళ్లు అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని చూసి రావాలంటే సగం రోజు పక్కన పెట్టుకోండి. లేదంటే నేరుగా పాలకొల్లు మీదుగా బయలుదేరి భీమవరంలో భోజనం చేస్తే, సోమవారం బడికి యూనిఫామ్ ఇస్త్రీ చేసుకునే టైముకు బెజవాడ చేరతారు. జాకెట్ల కింద చెమట పట్టిన బట్టలు ఆ రాత్రే నానబెట్టేయండి.